బరఫు మోసే యాకూబు

ఆ రోజుల్లో కామారెడ్డిలో బడిపిల్లల హాకీ పోటీలు జరిగినన్నాళ్లూ, రైల్లో వచ్చిన బరఫుగడ్డకు రంపపు పొట్టు అద్ది, తడి గోనెలో చుట్టి, నెత్తిన పెట్టుకుని మైదానానికి మోసేవాడు యాకూబు. చెంపల వెంట నీళ్లు కారినా తుడుచుకునేవాడు కాదు. ఎవరు పలకరించినా "ఆగితే నీళ్లయితది బాపూ" అంటూ సాగిపోయేవాడు. పదేళ్లలో ఒక్కనాడూ గడ్డ చిక్కిపోనివ్వలేదని అతని గర్వం.

ఫైనల్ రోజు మైదానం అంచున ఎల్లారెడ్డి బడి జట్టు గోల్‌కీపరు పిల్లవాడు మోకాలు వాచి ఏడుస్తున్నాడు. యాకూబు ఆగాడు. గడ్డ పగలగొట్టి, తువ్వాలులో కట్టి, చివరి ముక్క కరిగేదాకా మోకాలికి అద్దాడు. పిల్లవాడు కుంటుతూనే వెళ్లి గోలుకు అడ్డంగా నిలబడ్డాడు.

ఆట చూడవచ్చిన పెద్దల షర్బతులోకి బరఫు కోసం డ్రిల్లు మాస్టరు ఉరికొచ్చాడు. "బరఫేదిరా? నువ్వు మోస్తే కరుగుడేంది?"

యాకూబు ఖాళీ గోనె పిండుతూ తల వంచుకున్నాడు.

"తొవ్వల ఆగిన సారూ."