బావ ఎడమపక్క నొప్పి

మా బావకి కుడి ఎడమలు తెలియవని వీధంతా నవ్వుకునేది. తప్పు ఆయనది కాదు, వృత్తిది. కటింగ్ షాపులో నిలబడి, కుర్చీలో ఉన్న మనిషితో కాకుండా ఎదురుగా అద్దంలో ఉన్న మనిషితో మాట్లాడతాడు. ఆ మనిషి లెక్కలో చెబుతాడు. ‘‘ఎడమకి తిరగండి’’ అన్నాడంటే కుడికి తిరగాలి. పాత కస్టమర్లకి అలవాటే. కొత్తవాళ్లు మెడ అటూ ఇటూ తిప్పలేక చస్తారు. అందుకే ఆయనకి ‘అద్దం’ అని పేరు పడింది.

ఆ రోజు పొద్దున ఒకాయనకి సగం గడ్డం గీసి కత్తి కింద పెట్టేశాడు. పొట్ట పట్టుకుని ముడుచుకుపోయాడు. పాపం, ఆ సగం గడ్డం మనిషే పరిగెత్తి ఆటో పిలుచుకొచ్చాడు. అక్కా నేనూ కలిసి బావని ఆసుపత్రిలో పడేశాం.

‘‘నొప్పి ఎక్కడ?’’ అన్నాడు డాక్టరు.

‘‘ఎడమ పక్కన, కింద.’’

‘‘కుడి అనుకోండి డాక్టర్ గారూ, మా బావది అద్దం లెక్క’’ అన్నాను నేను. అంత బాధలోనూ బావ నవ్వబోయి మూలిగాడు.

డాక్టరు కుడి పక్క నొక్కాడు. ఏమీ లేదు. ఎడమ పక్క నొక్కగానే బావ ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు.

అపెండిక్సుకి మార్కులు వేసే పద్ధతి ఉందట. నొప్పి బొడ్డు దగ్గర పుట్టి కిందికి జారినందుకు ఒక మార్కు. ఆకలి చచ్చినందుకు ఒకటి, వాంతికి ఒకటి, జ్వరానికి ఒకటి. ‘‘అసలు మార్కులు కుడి పక్క నొప్పికి. అది లేదు. రక్తం రిపోర్టు ఇంకా రాలేదు గానీ, పేగుల్లో ఏదో ఇబ్బందిలా ఉంది. మందులు రాస్తాను, ఇంటికి తీసుకెళ్లండి.’’

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క మాత్రం కదల్లేదు.

‘‘సగం గడ్డం గీసి వదిలేశాడండీ మా ఆయన. జ్వరంలో కూడా ఎవర్నీ అలా వదల్లేదు. దానికి మార్కు లేదా?’’

డాక్టరు రాస్తున్న మందుల చీటీ పక్కన పెట్టాడు. తర్వాత స్కానింగ్‌కి పంపాడు.

స్కాన్ డాక్టరమ్మ బావ కుడి పక్కటెముకల కింద పరికరం ఆనించి ఆగిపోయింది. తిరగేసి పట్టుకున్నానేమోనని చూసుకుంది. మళ్లీ పెట్టింది. ‘‘కాలేయం ఇక్కడ ఉండాలి, లేదు’’ అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరికరం ఎడమకి జరిపింది. ‘‘ఇదుగో, ఇక్కడుంది.’’ ఇంకా కిందికి జరిపింది. అక్కడ వేలంత లావున వాచిపోయి ఉంది అపెండిక్సు, ఎడమ పక్కన.

కొందరు ఇలాగే పుడతారట, లోపలివన్నీ అటువి ఇటు, ఇటువి అటు అయి. నిన్నటిదాకా కలిసి భోంచేసిన మనిషి ఎవరో తెలియనట్టనిపించింది. పైగా నా జోకు గుర్తొచ్చింది. ఆయన ఉన్నది ఉన్నట్టు చెబితే, కాదు పొమ్మన్నది నేను.

‘‘మరి గుండె?’’ అంది అక్క.

‘‘అదీ కుడి పక్కనేనమ్మా.’’

అప్పటికప్పుడు ఆపరేషను చేశారు. పగిలే దశలో ఉందనీ, ఇంటికి వెళ్లుంటే మనిషి దక్కేవాడు కాదనీ సర్జన్ చెప్పాడు.

బావకి మెలకువ వచ్చేసరికి అక్క అలవాటుగా ఆయన ఛాతీ మీద ఎడమ పక్కన చెయ్యి వేసింది. ఏదో గుర్తొచ్చినట్టు కుడికి జరిపింది.

‘‘ఇన్నేళ్లూ ఎడమ పక్కనే తల పెట్టుకుని పడుకున్నాను. మెత్తటి మనిషి కదా, గుండె కూడా మెత్తగానే కొట్టుకుంటుందేమో అనుకున్నాను’’ అంది.

‘‘ఏ పక్కనుందట?’’ అన్నాడు బావ మత్తులోనే.

అక్క కుడి పక్క నుంచి చెయ్యి తియ్యలేదు.

‘‘మీ లెక్కలో ఎడమేలెండి’’ అంది.