ఎల్లమ్మ చుక్క మీదికి తోసిన నేరం

డిగ్రీ పాసయ్యాను. ఫస్ట్ క్లాసు! మా అమ్మ తరఫునా బాపు తరఫునా ఎంత వెనక్కి వెళ్లి చూసినా ఈ మాట అన్నవాళ్లు లేరు. సురంగల్‌లో మా వాడంతా తిరిగి చెప్పాను. రోడ్డు పక్కన ఆగిన కూరగాయల ఆటో డ్రైవర్‌కు కూడా చెప్పాను. నేనెవరో ఆయనకు తెలియదు. అయినా చెయ్యి కలిపాడు.

ఈ సంతోషం కింద ఒక బరువుంది. డిగ్రీ మొదటి సంవత్సరం నుంచి మోస్తున్నాను. ఎంత నవ్వినా అది లోపల ఒకసారి కదిలి, నేనున్నానని చెప్పేది. రిజల్ట్ వచ్చిన రోజు మా అమ్మ, గులాబీ తోటలో కూలికి పూలు కోసి కోసి ముళ్లు దిగిన చేతులతో నా మొహం పట్టుకుని, "నా కొడుకు ఎవల కడుపు కొట్టకుంట సదువుకున్నడు" అంది. ఆ చేతుల్లోంచి మొహం తప్పించుకున్నాను. ఎందుకంటే ఒకరి కడుపు కొట్టాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

చదువుకునే రోజుల్లో సాయంత్రాలు నేను ఏలియన్‌గా పనిచేశాను. నవ్వకండి, నిజమే. మొయినాబాద్ దాటాక ఫామ్‌హౌస్‌ల మధ్య ఒక రిసార్టులో బారును అచ్చం అంతరిక్ష కేంద్రంలాగా కట్టారు. గుండ్రటి తలుపు బుస కొట్టినట్టు తెరుచుకుంటుంది. కిటికీల్లో అద్దాలకు బదులు టీవీ తెరలు, వాటిలో భూమి నెమ్మదిగా తిరుగుతుంటుంది. బయట మక్కచేను, లోపల నక్షత్రాలు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని స్టేషన్ అనేవాళ్లు. కౌంటర్ వెనక మందు పోసేది ఏలియన్. వెండి రంగు బట్టలు, ఆకుపచ్చ రబ్బరు మాస్కు, దానికి ఇంతింత నల్లటి కళ్లు. గెస్టులతో మాట్లాడకూడదు. మెడ దగ్గర బటన్ నొక్కితే ఏదో కూత వస్తుంది, అంతే మన భాష.

మాస్కు ఒకటే. దాని వెనక మనుషులం ఇద్దరం, వంతుల మీద. ఒకడిని నేను. రెండో ఆయన యాదగిరి మామ.

చుట్టం కాదు, పిలుపు అలా కలిసింది. చేవెళ్ల దగ్గర ఆలూరు ఆయనది. కల్లు గీసే మనిషి. ఆయన ఎక్కే తాటిచెట్లు ఎవరిదో ఫామ్‌హౌస్ గోడ లోపలికి పోయాయి. మోకాలు కూడా మొరాయించింది. పోసే చెయ్యి కదా అని ఎవరో తెచ్చి బారులో పెట్టించారు. నిజంగానే పోసే చెయ్యి. ఎంత నిండా పోసినా గ్లాసు అంచు దాటేది కాదు. మొదటి రోజు నాకు మాస్కు తొడుగుతూ, "అల్లుడా, గిది పెట్టుకొని నేను ఇంటికి పోయిన. మా ముసల్ది చూసి, గిప్పుడు జర నయమున్నవ్ అన్నది" అన్నాడు.

ఆయనకొక అలవాటుంది. కొత్త సీసా మూత తీస్తే మొదటి చుక్క నేల మీద వదిలేవాడు. దాన్ని సాక అంటారు. కల్లు గీసేవాళ్లు మొదటి చుక్క ఎల్లమ్మ తల్లికి పెట్టాకే ఎవరికైనా పోస్తారు. విదేశీ సీసా అయినా, కింద మట్టి లేకుండా స్టీలు రేకు ఉన్నా మామకు తేడా లేదు. రబ్బరు పెదవుల వెనక "తల్లీ" అని గొణిగి ఒక్క చుక్క వదిలేవాడు. అది వేరే గ్రహం ఆచారం అనుకుని గెస్టులు చప్పట్లు కొట్టేవాళ్లు, వీడియోలు తీసుకునేవాళ్లు. మేమిద్దరం తర్వాత సామాన్ల గదిలో పడీ పడీ నవ్వేవాళ్లం.

ఇక నా సంగతి. ఇక్కడికి రాగానే చెయ్యి ఆగుతోంది.

కాలేజీలో సిటీ నుంచి వచ్చే గుంపు ఒకటుండేది. నేను నోరు తెరిస్తే వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. మాస్కు లేకుండానే వాళ్లకు నేను ఏలియన్‌ని. ఒకరోజు బారు నుంచి కొంచెం విదేశీ మందు నీళ్ల బాటిల్‌లో పట్టుకెళ్లి ఇచ్చాను. ఆ రోజు నుంచి వాళ్లకు నేను భాయ్‌ని. పక్కన చోటిచ్చారు. నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఉండాలంటే బాటిల్ నిండాలి. అలా మొదలైంది.

మాస్కు కళ్లు నల్లవి కదా, నేనెటు చూస్తున్నానో ఎవరికీ తెలియదు. గెస్టు తననే చూస్తున్నాననుకునేవాడు. నా చూపు మేనేజర్ వీపు మీద ఉండేది. గ్లాసుల్లోంచి తెల్లటి పొగ లేచేలా చేసేవాళ్లం. ఆ పొగ చాటున నా బాటిల్ నింపుకునేవాణ్ని. ఎక్కువ అమ్ముడయ్యే సీసాలోంచే తీసేవాణ్ని, తేడా పట్టుబడకుండా. ఎంత తెలివి! ఆ తెలివి చదువు మీద పెట్టి ఉంటే అని అనుకోవడానికి కూడా లేదు, చదువు మీదా అదే తెలివి పెట్టాను. ఫస్ట్ క్లాసు తెచ్చిందీ అదే బుర్ర. ఫీజు కోసం చేశానని చెబితే మీకు జాలి కలిగేదేమో. ఫీజు బాపు కట్టాడు. నేను దొంగతనం చేసింది పక్కన కూర్చోనిస్తారని.

బిల్లుల కంటే ముందే సీసాలు ఖాళీ అవుతున్నాయని మేనేజర్ కనిపెట్టాడు. ఒక మధ్యాహ్నం, బారు తెరవక ముందు, నన్ను పిలిచాడు. తెరలు ఆపేసి ఉన్నాయి. భూమి లేదు, నక్షత్రాలు లేవు, నల్లటి గాజు మాత్రం.

"పోసేది మీరిద్దరే. నువ్వు సదువుకునే పోరనివి, నీ మీద నాకు డౌట్ లేదు. సచ్ చెప్పు. మందు ఎటు పోతున్నది?"

"యాదగిరి మామ కింద పోస్తడు సార్."

"కిందనా? ఎందుకు?"

"ఎల్లమ్మకు. కొత్త సీసా తీస్తే పోస్తడు."

"ఎంత పోస్తడు?"

ఒక్క చుక్క. మాట నాలుక మీదే ఉంది. చుక్క అని ఉంటే మేనేజర్ నవ్వి, మళ్లీ నా వైపు చూసేవాడు. అప్పటిదాకా నేను చెప్పిందంతా నిజమే. నిజం ఎంత దూరం మోసుకెళ్తుందో అంత దూరం దాని భుజాల మీద వెళ్లి, అక్కడ దిగాను.

"ఎంతో నేను సూడలే సార్."

మామను పిలిచి అడిగారు. కాదనలేదు. ఎలా కాదంటాడు? "పోస్త సార్. ఆమెకు పెట్టకుంట వేరేటోళ్లకెట్ల పోస్త?" అన్నాడట. ఆ రోజే పొమ్మన్నారు. పోయే ముందు మాస్కు మడత పెట్టి నా చేతికిచ్చి, "లోపట నా చెమట ఉన్నది, తుడుచుకో అల్లుడా. సదువు ఇడువకు" అన్నాడు. ఎవరు చెప్పారో ఆయనకు తెలియదు.

ఆయన వంతులు కూడా నాకే వచ్చాయి. భయమేసి దొంగతనం మానేశాను. ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే పాడు మాట. నేను మానేయగానే సీసాలు సరిగ్గా సరిపోయాయి. "చూసినవా, ముసలాయనే" అన్నాడు మేనేజర్. నా మంచితనమే ఆయన నేరానికి రుజువైంది. కాలేజీలో నా భుజం మీది చెయ్యి కూడా కొన్నాళ్లకు తీసేశారు. దేనికోసం చేశానో అది కూడా మిగల్లేదు.

మామ ఆ మోకాలితోనే మళ్లీ చెట్టెక్కాడు. వేరే ఊళ్లో, వేరేవాళ్ల చెట్లు. పడ్డాడని, తుంటి విరిగిందని, దవాఖానలో ఉన్నాడని తెలిసింది. వెళ్లలేదు. పరీక్షలున్నాయని నాకు నేను చెప్పుకున్నాను. పరీక్షలు అయిపోయాయి. అయినా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో మీరు అడగనక్కర్లేదు.

రిజల్ట్ వచ్చిన మర్నాడు మిఠాయి డబ్బాతో ఆలూరు వెళ్లాను. ఒప్పుకోవడానికి వెళ్లానని రాస్తే బాగుంటుంది. నిజానికి ఆయన సంతోషిస్తే చూద్దామని వెళ్లాను. అది కూడా ఆయన దగ్గరే తీసుకుందామని.

ఇంటి ముందు మంచం మీద ఉన్నాడు, పక్కన కట్టె. సంగతి చెప్పగానే, "ఓ ముసల్దానా! మన ఏలియన్ డిగ్రీ పాసైండే!" అని అరిచాడు. అత్త మిఠాయి తీసుకుని, కొరుక్కుంటూనే పక్కింటికి పోయి కల్లు తెచ్చింది. మామ గ్లాసు అందుకుని నేరుగా నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఒక గుటక తాగాడు.

నేల మీద చుక్క పడలేదు.

"మామా, సాక పొయ్యలే?"

"ఇడిసిపెట్టిన అల్లుడా. ఆ రబ్బరు మొహం పెట్టుకొని, పరాయి మందు తెచ్చి రేకు మీద పోస్తి. తల్లికి కోపం రాదా? నౌకరి గుంజుకున్నది, కాలు గుంజుకున్నది. ఇంక ఏ మొహం పెట్టుకొని పొయ్యాలె?"

అప్పుడు చెప్పాను. ధైర్యం వచ్చి కాదు. ఆయన ఇన్నేళ్లు నింద ఎవరి మీద వేశాడో విన్నాక నోరు మూసుకుని ఉండలేకపోయాను. "తల్లి కాదు మామా. నేను." బాటిల్, పొగ, మేనేజర్, అన్నీ చెప్పాను. అత్త నమలడం ఆపేసింది.

మామ గ్లాసులోకి చూశాడు. తర్వాత ఒకటే అడిగాడు.

"సుక్క అని సెప్పలేదా?"

"లేదు మామా."

"సుక్కనే కదరా."

అల్లుడా అనలేదు. ఇంక నా వైపు చూడలేదు. మంచం అంచుకు జరిగి, గ్లాసు వంచాడు. చుక్క కాదు, మొత్తం. కల్లు మట్టిలోకి ఇంకిపోతుంటే ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఇన్నేళ్లు ఎల్లమ్మను అనుమానించానని చెప్పుకుంటున్నాడేమో. ఆ మాటల్లో నేను లేను. అత్త సగం కొరికిన మిఠాయిని డబ్బాలో పెట్టి, మూత వేసి, నా చెప్పుల పక్కన ఉంచింది.

ఇంటికొచ్చాక అమ్మ డబ్బా తెరిచి, "గీ సగం ఎవలు తిన్నరు రా?" అంది. "కూసో అమ్మా" అన్నాను. ఆమెకూ చెప్పాను. నా మొహం పట్టుకున్న ఆ చేతులను ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది.

ఆ మాస్కు లోపల మన ఊపిరి మనకే తగులుతుంటుంది. తీయగానే తడి మొహానికి గాలి తగిలేది. అప్పటికి మొహమేమీ శుభ్రమైనట్టు కాదు, చెమట చెమటగానే ఉండేది. గాలి మాత్రం తగిలేది. ఇప్పుడు అంతే ఉంది నాకు.