ఎక్స్‌రేలో కనపడింది!

పరిశోధనలో చేరిన కొత్తలో ఎవరికైనా కాస్త గీర ఉంటుంది. నాకైతే ఆ రోజుల్లో గంపెడుండేది. ఎక్కడో ఊహకందనంత దూరంలో ఓ పెద్ద నక్షత్రం కూలిపోతూ గామా కిరణాలు చిమ్ముతుంది. అదంతా క్షణాల్లో అయిపోతుంది. తర్వాత మిగిలే మలివెలుగును ఎక్స్‌రేలోనూ, మామూలు వెలుగులోనూ, రేడియోలోనూ వెంటపడి పట్టుకోవడం మా పని. అది నిమిషనిమిషానికీ మసకబారిపోతుంది కనుక మేమెప్పుడూ హడావిడిగానే ఉండేవాళ్లం (హడావిడిగా కనపడటం కూడా పరిశోధనలో భాగమేనని నా నమ్మకం). అయినా నా చేతికి ఒక్క మలివెలుగూ చిక్కలేదు. నా వంతు వచ్చినప్పుడల్లా కొండమీద మబ్బులే. ఇంకొక్కటి చేజారితే నన్నీ పని నుంచి తప్పిస్తారేమోనని లోపల బెంగ.

అలాంటప్పుడు భావనపాడులో మా పిన్ని ఇంటికి వెళ్లాను. పేరుకే సెలవు, డ్యూటీ మాత్రం నాదే. మధ్యాహ్నం పిన్ని పెరట్లో ఎండుచేపలు తిరగేస్తుంటే ఫోన్ మోగింది. అవతల మా సీనియర్, మేం తొందరన్న అని పిలుచుకునే ఆయన. సముద్రపు గాలి హోరులో గొంతు చించుకుని అరిచాను. "గామాలో వచ్చిందా? ఎక్స్‌రేలో కూడా కనపడిందా? అయితే ఆలస్యం చేయకూడదన్నా! గంటగంటకీ తగ్గిపోతుంది, తెల్లారేసరికి ఏమీ మిగలదు. రేడియోలో వచ్చేవారం చూద్దాం, అప్పటిదాకా ఉంటే!"

చీకటి పడేలోగా కొండమీది టెలిస్కోపు ఎటు చూడాలో, ఎంతసేపు చూడాలో నేను పంపాలి. తీరా లాప్‌టాప్ తెరిస్తే మాట వెళ్లిన చోట నెట్ వెళ్లదే! డాబా ఎక్కాను, దిగాను, ఫోన్ పైకెత్తి పట్టుకుని పెరడంతా తిరిగాను. చివరికి ఏడుపొచ్చేసింది. సరిగ్గా అప్పుడే పిన్ని నా మొహం చూసింది. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానంలో ఆసుపత్రి పరీక్షల గొడవ తెలియని ఇల్లు లేదు. ఎక్స్‌రే అన్న మాట చెవిన పడితే చాలు, మిగతా కథ ఎవరికి వాళ్లే అల్లేసుకుంటారు.

"ఓలమ్మో! ఇంత జబ్బెట్టుకుని నాకు సెప్పకుండా దాసేసినావేటే గుంటా?" అని పిన్ని గుండెలు బాదుకుంది.

"జబ్బు నాకు కాదు పిన్నీ, పోయేది నక్షత్రం!" అన్నాను.

"సూసినావా, నచ్చత్రం బాగోనేదని దానికీ తెలిసిపోనాది!" అంటూ చిన్నాన్నని కేకేసింది.

చిన్నాన్న బాగుచేస్తున్న వల అక్కడే పడేసి ఆటో తెచ్చాడు. "బేగెక్కు, టెక్కలి ఆస్పత్రికి ఎల్లిపోదాం." వద్దు మొర్రో అంటున్నా లాప్‌టాప్‌తో సహా ఎక్కించేశారు. వీధివీధంతా సాగనంపింది. "వదలండి, నా చుక్క పోతుంది!" అని నేను అరిచినకొద్దీ పిన్ని మరీ గట్టిగా వాటేసుకుంది. టెక్కలి దగ్గరపడేసరికి ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా నిలబడ్డాయి. పిన్ని ఒళ్లో తల, పొట్టమీద లాప్‌టాప్ పెట్టుకుని మొత్తం వివరాలు పంపేశాను!

బాగా చీకటి పడ్డాక ఆసుపత్రి వరండాలో, ఎక్స్‌రే గది ముందు లైన్లో ఉండగా తొందరన్న ఫొటో పంపాడు. నలుపు మీద చిన్న తెల్లచుక్క. "ఉంది! ఉంది!" అని ఎగిరి గంతేశాను. పక్కన కూర్చున్న ముసలాయన కాస్త దూరం జరిగాడు. అప్పుడు కుదురుగా అసలు సంగతి చెబితే పిన్ని ఫొటో వంక చూసి, "ఇంత సుక్కకా, అంత ఏడుపు?" అంది. చిన్నాన్న మాత్రం, "సర్లే, నీ సుక్క నీకు దొరికింది. లైన్లో ఉన్నాం గదా, ఓ పాలి తీయించేద్దుం" అన్నాడు. తీయించేదాకా ఊరుకోలేదు.

డాక్టరు ఫిల్మ్ చూసి ఏమీ లేదు పొమ్మన్నాడు. పిన్ని వెంటనే వీధిలో వాళ్లకి ఫోన్ చేసి, "ఎక్స్‌రేలో ఏటీ నేదంట! మా గుంటకి ఏటీ నేదంట!" అని చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. చెప్పొద్దూ, చేతిలో ఉన్న చుక్కని నేను కాసేపు మరిచేపోయాను.

తర్వాత చాలా మలివెలుగులు దొరికాయి, చాలా జారిపోయాయి. ఎక్స్‌రేలో ఏమీ లేదని కబురొచ్చిన రోజు మా గదిలో అందరి మొహాలూ వేలాడిపోతాయి. నాకు మాత్రం ఎందుకో నవ్వొస్తుంది. ఏమీ లేదన్న మాటని పిన్నిలా అంత సంబరంగా చెప్పినవాళ్లని ఈ ఉద్యోగంలో ఇంతవరకూ చూడలేదు.