నాలుగో చీటీ

మా సారు పోయారన్న కబురు నాకు పెనుకొండ అవతల ఒక చిన్న ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చింది. అక్కడి ఫార్మసిస్టు ఫోన్ చేసి, "అన్నా, సారు బెంచీ మీదే ఒరిగిపోయినాడు. అంబులెన్సు వచ్చేలోగా అంతా అయిపోయింది" అన్నాడు. మర్నాడు పేపర్లో, ఆరోగ్య కేంద్రాన్ని తనిఖీ చేస్తూ శాసనమండలి సభ్యుడు కన్నుమూశారని వేశారు. చదివినవాళ్ళు, పని చేస్తూ పోవడం ఎంత అదృష్టం అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ఆ రోజు తనిఖీకి పోలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

హిందూపురం హైస్కూల్లో ఆయన నాకు లెక్కల సారు. రిటైరయ్యాక మండలికి ఎన్నికయ్యారు. నేను కోర్టు వీధిలో అర్జీలు టైపు చేసుకునేవాణ్ణి. గెలిచిన వారానికే నా కొట్టుకు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. "లెక్కల్లో నువ్వు మొద్దువే గానీ, రాత బాగుండేది కదప్పా. సభలో నేనడిగే ప్రశ్నలు నువ్వే రాయల్ల" అన్నారు. జేబులోంచి ఉడకబెట్టిన శనక్కాయలు గుప్పెడు తీసి నా టేబుల్ మీద పోశారు. జీతమూ అడ్వాన్సూ అవే. ఆ రోజు నుంచి ఆయన ప్రశ్నలన్నీ నా చేతి మీదుగానే పోయాయి.

సభలో ప్రశ్న అంటే లేచి నిలబడి గట్టిగా అరవడం అనుకునేవాణ్ణి. కాదట. ముందే రాసి పంపాలి. ఫలానా మాట వాస్తవమేనా, అయితే కారణమేమి, ఎప్పటిలోగా సరిచేస్తారు అని ఒక వరస ఉంటుంది. జవాబు కూడా అదే వరసలో అచ్చయి వస్తుంది. మొదటిదానికి "కాదండి" అని వచ్చిందా, మిగతా వాటన్నిటికీ "ప్రశ్న తలెత్తదు" అని ఒక్క ముక్కతో తేల్చేస్తారు.

నా తప్పు అక్కడే జరిగింది. మొదట చెప్పిన పెనుకొండ అవతలి కేంద్రంలోనే డాక్టరు లేరని ఊరివాళ్ళు అర్జీ తెస్తే, పోస్టు ఖాళీగా ఉన్న మాట వాస్తవమేనా అని రాశాను. కాదండి అని జవాబు వచ్చింది. నిజానికి డాక్టరును నియమించారు. ఆయన వచ్చి సంతకం పెట్టి, ఆ వారమే డిప్యుటేషన్ మీద ధర్మవరం వైపు వెళ్ళిపోయాడు. కాగితం మీద పోస్టు నిండుగా ఉంది. సభలో మా సారు నోరు తెరిచే సందు కూడా లేకుండా పోయింది.

ఆ నెలలోనే పాము కరిచిన ఒక గొర్రెల కాపరిని ఆ కేంద్రానికి మోసుకొచ్చారు. డాక్టరు లేకపోయేసరికి పెద్దాసుపత్రికి ఆటో మాట్లాడేలోపు మెట్ల మీదే ప్రాణం పోయింది. సారూ నేనూ వాళ్ళ పల్లెకు పోయాం. అతని తల్లి, డెబ్బై ఏళ్ళ అవ్వ, కొడుకు కంబళి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవలేదు. సారు వైపు చూసి, "డాక్టరు ఉండాడని మీ సభలో చెప్పినారంట కదప్పా. మరి మావానికి కనపల్లేదే?" అని అడిగింది. సారు తల దించుకున్నారు. క్లాసులో మా అందరి తలలూ దించిన మనిషి.

తిరిగొచ్చే బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. తప్పు నాది సార్ అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ, "కాయితం చూసి రాసినాం. ఆ బెంచీ మీద కూర్చోని రాసింటే ఇట్లయ్యేది కాదు. సంతకం నాది, తప్పు నాదే. నువ్వు మూసుకో" అన్నారు.

అప్పటి నుంచి ఆయనకు ఒక పద్ధతి పట్టుకుంది. మడకశిర మొదలు ధర్మవరం దాకా ఎక్కడి నుంచి అర్జీ వచ్చినా, బస్సెక్కి ఆ ఆరోగ్య కేంద్రానికి పోతారు. తాను ఫలానా అని చెప్పరు. కిటికీ దగ్గర పేరూ వయసూ చెప్పి ఓపీ చీటీ రాయించుకుంటారు. మా వైపు ఆ చీటీలను డాక్టరు టేబుల్ మీద, వచ్చిన వరసలో ఒకదాని కింద ఒకటి పెట్టి, పైన ఒక రాయి పెడతారు. మనిషి అటూ ఇటూ తిరిగినా చీటీ వంతు కాస్తుంది. సారు కూడా తన చీటీ రాయి కింద పెట్టి బెంచీ మీద కూర్చునేవారు. మధ్యాహ్నం దాకా డాక్టరు రాకపోతే చీటీ వెనక్కి తీసుకుని, దాని వీపున టైము రాసి నాకు తెచ్చి ఇచ్చేవారు. ఆ చీటీలే మా ప్రశ్నలు.

పోను పోను ఆయన్ను అన్నిచోట్లా గుర్తుపట్టేశారు. లోపలికి రండి సార్ అని పిలిచినా వెళ్ళేవారు కాదు, నా వంతు రానీ అనేవారు. ఒకసారి ఆ పెనుకొండ అవతలి కేంద్రానికి నేనూ వెంట వెళ్ళాను. గొర్రెల కాపరి తల్లి, ఆ అవ్వే, మోకాళ్ళ నొప్పులకు మాత్రల కోసం వచ్చి, పక్కన కూర్చుని, "నీకేం రోగమప్పా, ఎప్పుడు చూసినా ఈడనే ఉంటావు?" అంది. "డాక్టరు లేని రోగం అవ్వా" అన్నారు సారు. "అయితే అది ఊరందరికీ ఉండాది. దుడ్లుండేవాళ్ళు బెంగళూరు పోతారు, మేం యాడికి పోవల్ల?" అంది. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ ఒక్క కేంద్రం గురించే మూడుసార్లు ప్రశ్న పంపాం. రెండోసారి సమాచారం సేకరిస్తున్నామన్నారు. మూడోసారి కొత్త నియామకం జరిగిందన్నారు. సారు పోయి చూసి వచ్చి, "పేరొచ్చింది, మనిషి రాల్యా" అన్నారు.

ఇక ఆ రోజు. ముందు రోజు ధర్మవరంలో ఏదో మీటింగు చూసుకుని, పొద్దున్నే ఆయన హిందూపురం బస్సెక్కారు. పదిన్నరకు దారిలోని ఆ కేంద్రం నుంచే నాకు ఫోన్ చేసి, "ఈడ చీటీ రాయించుకోని కూర్చున్యా" అన్నారు. డాక్టరున్నాడా సార్ అని అడిగాను. "పేరుండాది" అన్నారు. గొంతు కాస్త నీరసంగా ఉంది. ఎండకు అనుకున్నాను. సరే సార్, టైమెంత, రాసుకుంటాను అన్నాను. "రాసుకో" అన్నారు. నేను పెన్ను తీసి పదిన్నర అని రాసుకున్నాను.

ఆయన నడుమ దారిలో ఎందుకు దిగారో మూడు రోజుల తర్వాత బస్సు కండక్టరు చెప్పాడు. గుండెల్లో మంటగా ఉందని, ఆపితే ఇక్కడే చూపించుకుంటానని దిగారట. కేంద్రంలో ఆయన్ను చూడగానే తనిఖీ అనుకున్నారు. నర్సు హాజరు రిజిస్టరు తెచ్చి ముందు పెట్టింది. ఫార్మసిస్టు మజ్జిగ తెప్పించాడు. కిటికీ దగ్గర వాళ్ళు చీటీలో పేరూ వయసూ రాసి, బాధ ఏమిటో రాయాల్సిన చోట ఏమీ రాయకుండా వదిలేశారు. సారును అదేమడుగుతాం అనుకున్నారు. వాళ్ళనేమని తిట్టను? ముప్పై ఏళ్ళుగా ఎరిగిన నేనే టైమెంత అని అడిగాను.

కబురు విని నేను అక్కడికి చేరేసరికి ఆయన్ను తీసుకుపోయారు. వచ్చినవాళ్ళంతా భయపడి ఇళ్ళకు వెళ్ళిపోయారు. అవ్వ ఒక్కతే బెంచీ మీద ఉంది. "చెమట్లు పట్టినాయి. నొప్పా అప్పా, నువ్వు ముందు పో అంటి. నీది మూడోది, నాది నాలుగోది, కూర్చో అవ్వా అన్యాడు" అని చెప్పింది. ముందు పోయి చేసేదేముంది, లోపల కుర్చీ ఖాళీ. అది ఆయనకూ తెలుసు.

లోపలికి వెళ్ళాను. కుర్చీ వీపున తువ్వాలు ఆరేసి ఉంది. టేబుల్ మీద రాయి, దాని కింద చీటీలు అలాగే ఉన్నాయి. సారు ఎప్పుడూ చేసినట్టే వీపున టైము రాసి తెచ్చుకుందామని రాయి ఎత్తి నాలుగోది లాగబోయాను.

అవ్వ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "దాన్ని ముట్టుకోవద్దప్పా. ఆయప్ప వంతు ఇంకా రాల్యా" అంది.

రాయి మళ్ళీ పెట్టేశాను.