అడుగంటిన పప్పు వాసన

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ విసుగు. మా నాన్న మెదక్ దగ్గర మిషన్ బడిలో లెక్కల మాస్టారు. మా ఇంట్లో అలాంటి మాటలు సాగేవి కావు. పైగా నా వ్యాపారం ఎలాంటిదంటే, దయ్యాలే ఉంటే అందరికన్నా ముందు నన్ను పట్టుకోవాలి.

పోలీసులు వేలం వేసే సామాన్లు కొని అమ్ముతాను. దొంగల దగ్గర పట్టుకున్నవి, రోడ్డు మీద దొరికినవి, ఎవరూ వచ్చి మావి అనని వస్తువులు. స్టేషన్ ఆవరణలో ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసి, ఇక పనికిరావనుకున్నాక వేలానికి పెడతారు. బండ్ల మీద ఇంకా పిల్లల పేర్లు కనిపిస్తుంటాయి. మొదట్లో మనసు ఎట్లాగో ఉండేది. తర్వాత అలవాటైపోయింది. అబిడ్స్‌లో పెద్ద రోడ్డు వెనక సందులో నా దుకాణం. నేనూ, మా ఆవిడ సుగుణా చూసుకుంటాం.

రెండేళ్ల కిందట నాంపల్లి వైపు ఒక స్టేషన్‌లో పాత సైకిళ్లు పాడుకున్నాను. వాటితో పాటు ఒక గోనెసంచి కూడా నాకే అంటగట్టారు. ఏముంది అందులో అని అడిగితే కానిస్టేబుల్ చెప్పాడు.

"లావారిస్ శవాల దగ్గర దొరికినయి, ఎవలు మావోళ్లని రాని శవాలు. తీస్కపో అన్నా, మాకు జర జాగ ఖాళీ అయితది."

కళ్లజోళ్లు, గొడుగులు, బెల్టులు, విరిగిన టార్చిలైటు. అన్నిటి అడుగున స్టీలు టిఫిన్ క్యారియర్ ఒకటి. మూడు గిన్నెలది, గట్టిది. దాన్ని మాత్రం చింతపండుతో తోమి దుకాణంలో పైఅరలో పెట్టాను. ఎక్కడినుంచి వచ్చిందో సుగుణకి చెప్పలేదు. చెబితే గడప దాటనివ్వదు.

కొన్నాళ్లకు మధ్యాహ్నం భోజనాల వేళ ఒకావిడ బేరానికి వచ్చి, క్యారియర్ చేతిలోకి తీసుకోబోయి చప్పున వదిలేసింది. "కాలుతుంది కదా," అంది. ముట్టుకుని చూశాను. అప్పుడే అన్నం సర్దినట్టు వేడిగా ఉంది. మూత తీస్తే ఖాళీ.

ఎండ తగిలిందనుకున్నాను. మా సందులోకి ఎండ రాదు. పైన రేకుల వేడి అనుకుని కింద బండల మీద పెట్టాను. మర్నాడు అదే వేళకి మళ్లీ వేడి. బీరువాలో పెట్టి తాళం వేశాను. ముసురు పట్టిన రోజుల్లో కూడా చూశాను. పొద్దున చల్లగా ఉండేది, భోజనాల వేళకి కాలేది, కాసేపటికి మళ్లీ చల్లారేది. మా బావమరిది ఎలక్ట్రీషియన్. ఎక్కడైనా కరెంటు లీకవుతోందేమోనని గోడలన్నీ చూసి, ఏమీ లేదన్నాడు. ఆ తర్వాత మా దుకాణానికి రావడం తగ్గించాడు.

ఒకరోజు సుగుణ మూత తీసి వాసన చూసింది.

"ఇందుల ఏం పెట్టిన్రు? చుక్కకూర పప్పు వాసనొస్తుంది. అడుగంటింది."

నేను వంగి చూశాను. నాకు ఏ వాసనా రాలేదు. ఆమె ఒట్టు వేసి చెప్పింది.

అప్పుడే సుగుణ మూత వెనక్కి తిప్పింది. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. అనసూయ టీచర్‌కు పెళ్లి కానుక అని, కింద సుల్తాన్ బజార్‌లోని ఒక బడి పేరు. తోమినప్పుడు నేనూ చూడలేదు. నా సంగతి సరే. ఆ క్యారియర్ అన్నేళ్లు స్టేషన్‌లో ఉంది. మూత తిప్పి చూసిన మనిషి ఒక్కడు లేడు. ఆ బడి అక్కడికి ఎంత దూరమని.

బడిలో అడిగితే ఆయా వెంటనే చెప్పింది. అనసూయ టీచర్ రిటైరై, గన్‌ఫౌండ్రీలో కొడుకు దగ్గర ఉంటున్నారట. ఇద్దరం క్యారియర్ సంచిలో పెట్టుకుని వెళ్లాం.

సన్నటి మనిషి. నుదుట బొట్టు లేదు, మెడలో పుస్తెలు మాత్రం ఉన్నాయి. క్యారియర్ అందుకుని, మూత వెనక్కి తిప్పి పేరు చూసుకుంది.

"ఇది మా ఆయనది. గిది పట్టుకొనే పోయిండు ఆఫీసుకు. మళ్ల రాలే."

ఆయన నాంపల్లిలో ఒక ప్రైవేటు ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం ఇంటికి రాకపోతే ఆమె స్టేషన్‌కి పోయింది. పొద్దున ఇంట్లో గొడవైందా అని అడిగారు, అయిందని ఈమె నిజమే చెప్పింది. అయితే కోపం తగ్గాక ఆయనే వస్తాడులే అన్నారు. కొన్నాళ్లు పోయాక, ఎవరితోనో లేచిపోయి ఉంటాడు, ఊరికే తిరగకమ్మా అన్నారు. చుట్టాలూ అదే అన్నారు. చివరికి ఆమె కూడా నమ్మింది. ఫొటో తీసి ట్రంకు పెట్టెలో పడేసింది. తండ్రి పేరెత్తితే కొడుకును కొట్టింది.

క్యారియర్ ఎవరి సామాన్లలో దొరికిందో నేను చెప్పాల్సి వచ్చింది. లావారిస్ అన్న మాట నా నోటి నుంచే వెళ్లింది. సుగుణ కూడా అప్పుడే మొదటిసారి విన్నది. నా వైపు ఒకసారి చూసి, టీచరమ్మ పక్కన కూర్చుంది.

"ఆ రోజు ఏం వండి పెట్టిన్రు టీచరమ్మా?" అని అడిగింది.

"చుక్కకూర పప్పు. లొల్లి పెట్టుకుంట పొయ్యి మీదిది మర్సిపోయిన. మాడింది. అదే పెట్టిన, తింటె తిను లేకపోతె లేదని. మాడిన పప్పు పెట్టిన్నని పోయిండేమో అని గూడ అనుకున్న."

సుగుణ చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది. వేడి సంగతి, వాసన సంగతి సుగుణే మెల్లగా చెప్పింది.

ఆ వారంలో నేనూ, టీచరమ్మ కొడుకూ స్టేషన్‌కి వెళ్లాం. కూర్చోబెట్టి టీ ఇప్పించారు. మర్యాదగానే మాట్లాడారు. అప్పటి సిబ్బంది ఎవరూ లేరు, వేలం కూడా అయిపోయింది, ఇంక మా దగ్గర ఏముంటుంది అన్నారు. ఎక్కడ పడిపోయాడో, దవాఖానకైనా తీసుకుపోయారో లేదో, ఎక్కడ పూడ్చారో, కాల్చారో, ఏదీ తెలియలేదు. కొడుకు టీ ముట్టలేదు. బయటికొచ్చాక, "ఇంటికి గింత దగ్గర్ల," అన్నాడు.

క్యారియర్ టీచరమ్మ దగ్గరే ఉంచాం. రోజూ భోజనాల వేళకి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదట. ఒక్కరోజు కూడా వేడెక్కలేదు. ఏ వాసనా రాలేదు. నెల తిరిగాక మా దుకాణానికే తెచ్చి, ఇక్కడైతే ఏమన్నా అవుతుందేమోనని ఆ వేళ దాకా కూర్చుంది. మేమూ పక్కన నిలబడ్డాం. చల్లటి స్టీలు, అంతే. ఆమె రెండు చేతులూ దాని మీదనుంచి తీయలేదు.

చివరికి లేచి నా వైపు తిరిగింది.

"నాతోని ఎందుకు గిట్ల ఆడుకున్నవ్ బిడ్డా? లేచిపోయిండంటె తిట్టుకుంట బతికిన. గిప్పుడు ఆ తిట్లన్ని యాడ పెట్టుకోవాలె?"

సుగుణ ఏదో చెప్పబోయింది. ఆమె వినలేదు. క్యారియర్ తీసుకోకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది. తర్వాత కొడుకు ఫోన్ చేసి, అమ్మ కోసం అది మళ్లీ ఇంటికి తేవద్దన్నాడు.

మర్నాడు భోజనాల వేళ సుగుణ దాన్ని ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఇప్పటికీ అంతే. మాకు తెలియని మనిషి, ఆయన ముఖం కూడా మేం చూడలేదు. అది మా దగ్గర ఎందుకు వేడెక్కుతుందో, టీచరమ్మ చేతుల్లో ఎందుకు వేడెక్కలేదో నాకు తెలియదు. ఒకసారి పాస్టరుగారిని అడిగాను. ఆయన ప్రార్థన చేసి పంపారు. అమ్మడానికి మనసు రాలేదు, పారేయడానికి ధైర్యం చాలలేదు. మళ్లీ వేడెక్కుతోందని మాత్రం ఆమెకు చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?