బీరయ్య చేతికి రాఖీ

ఆత్మారాం ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. బోధన్‌లో సగం దుకాణాల బోర్డులు ఆయన రాసినవే. నిచ్చెన మీద ఉన్నప్పుడు తప్ప ఆ కాళ్లకు స్థిమితం లేదు. అయినా ఆ వారం ఆయన తిరిగిన తిరుగుడు వేరు. షుగర్ ఫ్యాక్టరీ గేటు దాకా పోయేవాడు, చెరుకు బండ్ల వరస చూసి వెనక్కి వచ్చేవాడు, చాయ్ చెప్పి తాగకుండానే లేచేవాడు. కాలు కాలిన పిల్లి అని పెద్దలు ఇలాంటివాళ్లను చూసే అని ఉంటారు.

ఇంత తిరుగుడుకూ కారణం ఒక బొమ్మల కథ. నిజామాబాదు నుంచి వచ్చే ఒక వారపత్రికలో ఆయన దాన్ని కొన్నేళ్లుగా గీస్తున్నాడు. కథానాయకుడు సోమన్న చెరుకు బండి తోలుతాడు, మంజీర ఒడ్డున దొంగల పని పడతాడు. సోమన్నకు భార్య రంగవ్వ అంటే ప్రాణం. తనతో బండి తోలే బీరయ్య అన్నా ప్రాణమే. దోస్తానా అని చెప్పి తప్పించుకునే రకం ప్రాణం కాదు అది. రంగవ్వను చూస్తే సోమన్న ముఖం ఎలా వెలిగేదో, బీరయ్యను చూసినా అలాగే వెలిగేది. ఆ రెండు వెలుగులనూ ఆత్మారాం ఒకే కుంచెతో గీసేవాడు. కింద మాటలు రాసే ధైర్యం మాత్రం లేదు, ఖాళీగా వదిలేసేవాడు.

ఆ ఖాళీని నింపింది ఆయన భార్య సుమిత్రమ్మ. వాడకట్టు ఆడవాళ్లంతా ఆమె వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. వాళ్లకొక పద్ధతి ఉంది. ఒకరు కథ చదవాలి, చదివినంతసేపూ ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టి ఆమె చాటలో వేయాలి. చదివేది ఎప్పుడూ సుమిత్రమ్మే. మాటల్లేని బొమ్మ వస్తే పత్రికను అందరివైపూ తిప్పి చూపించి, ఆ మాటలేవో తనే చెప్పేది. ఏం చెప్పేదో ఆత్మారాం ఏనాడూ నిలబడి వినలేదు. వినడానికి భయం.

రెండువేల ఒకటిలో, ఫ్యాక్టరీలో ఆ ఏటి చెరుకు గానుగ మొదలైన రోజుల్లో, కేబుల్ హన్మండ్లు ఇంటికొచ్చాడు. ఊళ్లో అతనికొక కేబుల్ చానల్ ఉంది. సోమన్న కథను టీవీలో వేద్దామన్నాడు. ఆత్మారాం బొమ్మలను అట్టల మీద పెద్దగా గీయాలి, కెమెరా వాటి మీద తిరుగుతుంది, పక్కన కూర్చుని సుమిత్రమ్మ చదువుతుంది. ఆత్మారాం సంబరం చాయ్ చల్లారేదాకా కూడా నిలవలేదు.

"ఒక్క కిరికిరి ఉన్నదన్నా," అన్నాడు హన్మండ్లు. "నీ సోమన్న గిటా, గటా? రంగవ్వ మీద మనసుంటే బీరయ్య ఉత్త దోస్తు గావాలె. బీరయ్య మీద ఉంటే రంగవ్వ పేరుకే పెండ్లాం గావాలె. ఏదన్న ఒక్కటి తేల్చు. ఇంటింట్ల జనం సూస్తరు."

"రెండు నిజమేనయ్యా."

"రెండెట్ల నిజమైతయి? గందుకే నేనొక ఉపాయం జేసిన. రంగవ్వతోని బీరయ్యకు రాఖీ కట్టియ్యి. బామ్మర్ది అయితడు. బావబామ్మర్దులు భుజాల మీద చేతులేసుకుంటే అడిగేటోడెవడు?"

ఆత్మారాం సరేనన్నాడు. గట్టిగా కాదంటే బొమ్మను చూసే కళ్లు గీసినవాడి వైపు తిరుగుతాయి. అటు తిరిగితే లింగం కనిపిస్తాడు. పెళ్లికి ముందు ఆత్మారాం, లింగం కలిసి చెరుకు బండి తోలారు. ఫ్యాక్టరీ ముందు వరసలో రోజుల తరబడి ఆగినప్పుడు ఒకే గొంగడి కప్పుకున్నారు. తర్వాత సుమిత్రమ్మ వచ్చింది. ఆమెను ప్రేమించడం ఆత్మారాంకు ఏమాత్రం కష్టం కాలేదు. ఆయన్ను భయపెట్టింది అదే. ఒకటి వస్తే రెండోది పోవాలి కదా, ఇక్కడ ఏదీ పోలేదు. లింగం పెళ్లి చేసుకోకుండా రాకాసిపేటలో అక్క దగ్గర ఉండిపోయాడు. అప్పుడప్పుడు ఆదివారం భోజనానికి వచ్చి, సుమిత్రమ్మ వడ్డిస్తే తిని, తలవంచుకుని పోయేవాడు. అంతకు మించి ఏమీ లేదు. ఆ మాట కూడా ఆత్మారాం భార్యకు చెప్పలేదు.

ఆయన రాఖీ గీశాడు. బీరయ్య మణికట్టు మీద ఎర్ర పువ్వు, పసుపు దారం. గీసిన చేయి ఊరుకుంటుందా, కాళ్లను రాకాసిపేటకు లాక్కుపోయింది.

"ఎల్లుండి టీవీల వస్తదట గద," అన్నాడు లింగం. "బీరయ్యను మంచిగ గీసినవా?"

"గీసిన."

"ఎప్పటి లెక్కనేనా?"

ఆత్మారాం చెప్పులేసుకుని వచ్చేశాడు.

కథ టీవీలో వేసే రోజు సాయంత్రం కేబుల్ ఆఫీసులో సుమిత్రమ్మ బీడీల చాటను ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. చాట లేకపోతే మాట రాదంది. ఆమె వంతు చుట్టడానికి గంగుబాయి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పక్కనే చేరారు. కెమెరా వెలిగింది, కథ నేరుగా ఊళ్లోకి పోతోంది. ఆత్మారాం ఒక్కొక్క అట్టా తీస్తుంటే సుమిత్రమ్మ చదువుతోంది. రాఖీ బొమ్మ వచ్చేసరికి ఆగిపోయింది.

"బొమ్మల ఎనక చెరుకు బండ్లు నిండుగున్నయి," అంది గంగుబాయి బీడీకి దారం చుడుతూనే. "గానుగాడే చలికాలంల రాఖీ పున్నమ ఎక్కడి నుంచొచ్చె?"

ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వు మైకులోంచి ఊరంతా వినబడింది. శ్రావణంలో బోధన్ దారుల మీద చెరుకు బండి ఎక్కడుంటుంది? పాల పళ్లు ఊడని పిల్లలకు కూడా తెలుసు. గీసేటప్పుడు గాభరాలో ఆత్మారాంకు అది తోచలేదు.

సుమిత్రమ్మ నవ్వలేదు. మొగుడి ముఖం చూసింది, మైకు దగ్గరికి జరిగింది.

"గిది బొమ్మ గీసినాయన భయపడి కట్టిన రాఖీ. రంగవ్వ కట్టలే. రంగవ్వ ఏమన్నదో నేను సెప్త, ఇనుండ్రి. 'నా పెనిమిటికి నేనన్న పానమే, బీరయ్యన్న పానమే. నాకెప్పటిసందో ఎరుకే' అన్నది."

హన్మండ్లు వైరు పీకి భక్తి పాటలు పెట్టేశాడు. సోమన్న కథ ఇక తన చానల్లో రాదన్నాడు. అట్టలు చంకన పెట్టుకుని ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఆత్మారాం ముందు నడిచాడు, వెనకబడ్డాడు, మళ్లీ ముందుకు పోయాడు.

"ఎట్ల ఎరుక నీకు?" అని చివరికి అడిగాడు.

"బీరయ్యకు లింగం ముక్కు పెట్టినవు, రంగవ్వకు నా కండ్లు పెట్టినవు. నాకు బొమ్మ సూసుడు రాదా?"

"కోపం రాలేదా?"

"మొదలు వచ్చింది, ఏడ్సిన. తర్వాత నా కండ్లు ఎంత మంచిగ గీసినవో సూసి ఊకున్న. ఇయ్యాల మళ్ల వచ్చింది. లింగాన్ని అబద్ధం జేసినోనివి, రేపు నన్ను జెయ్యవా?"

ఆత్మారాం నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. ఇన్నేళ్లూ ఒక ప్రేమను దాచి రెండోదాన్ని కాపాడుకుంటున్నానని అనుకున్నాడు. ఇప్పుడు ఆయనకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఇల్లు చేరేసరికి లింగం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. టీవీ చూసి అటే వచ్చినట్టున్నాడు. లేవబోతే సుమిత్రమ్మ కూర్చోమంది, బువ్వ తినిపొమ్మంది. ఆత్మారాం రాఖీ అట్ట గోడకు ఆనించి, రంగుల డబ్బాలు తీశాడు. రాఖీ కనపడకుండా పూయడానికి బీరయ్య చేతి రంగు కలపాలి. రెండుసార్లు కలిపినా కుదరలేదు.

లింగం చొక్కా చేయి పైకి మడిచి, తన మణికట్టును అట్ట పక్కన పెట్టాడు.

సుమిత్రమ్మ దీపం దగ్గరికి తెచ్చి, బొమ్మనూ చేతినీ మార్చి మార్చి చూసింది. "ఇంక జర నలుపు కలుపయ్యా," అంది.