పెసర గింజంత గ్రంథి

జహీరాబాద్‌లో మా ఫార్మసీ కాలేజీ ఎలుకల గదిలోనే నా రోజులన్నీ గడిచేవి. తెల్ల ఎలుకలకు స్టెరాయిడ్ ఇచ్చి, వాటి అడ్రినల్ గ్రంథులు ఏమవుతాయో చూడడం నా పరిశోధన. మూత్రపిండం పైన పెసర గింజంత ఉంటుంది ఆ గ్రంథి. మెదడు దగ్గర నుంచి ఒక హార్మోను వచ్చి తట్టి లేపితే తప్ప పని మొదలుపెట్టదు. మనం బయటి నుంచి స్టెరాయిడ్ ఇస్తూ పోతే ఆ తట్టి లేపేది రావడం మానేస్తుంది. గ్రంథి సజ్జ గింజంతకు కుంచించుకుపోతుంది. మొదటిసారి తూచినప్పుడు నమ్మబుద్ధి కాక మళ్లీ తూచాను.

ఝరాసంగం దగ్గరి ఊళ్లో ఉండే మా అమ్మకు ఈ ముచ్చట్లంటే భలే ఇష్టం. నేను ఆటో దిగీ దిగగానే, "నీ ఎలుకలు ఎట్లున్నయ్ బిడ్డా?" అని అడిగేది.

ఒకసారి రెండు నెలల తర్వాత వెళ్తే ఆమె ముఖం బూరెలా గుండ్రంగా ఉంది. ఒళ్లు చేసి మంచిగైనవని వాడలో వాళ్లంతా మెచ్చుకుంటున్నారట. మోకాళ్ల నొప్పులకు ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలు ఏడాదిగా మింగుతోందట. తెచ్చి చూపించింది. నేను ఎలుకలకు ఇచ్చే మందే!

నాకు ఒళ్లు మండింది. "ఇయ్యాల్నే బంద్ జెయ్ అమ్మా," అని గోలీలన్నీ పెంటకుప్పలో పారేసి వచ్చాను. చదువుకున్నదాన్ని కదా.

నాలుగో రోజు పక్కింటావిడ ఫోన్ చేసింది. అమ్మకు ఒకటే వాంతులు, మంచం మీంచి లేవలేకపోతోంది. జహీరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసి, "గోలీలు ఎవరు ఆపిన్రు?" అని గద్దించింది. ఏడాది పాటు నిద్రపోయిన గ్రంథి ఒక్కరోజులో లేవదని నా నోటుపుస్తకంలో నేనే రాసుకున్నాను. ఎలుకల్లో తెలిసింది అమ్మ దగ్గర తట్టలేదు.

సూదిమందు పడ్డాక సాయంత్రానికి తేరుకుంది. ఆ గోలీలే మళ్లీ మొదలుపెట్టి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలన్నారు. సిగ్గుతో చచ్చిపోతూ జరిగిందంతా అమ్మకు విడమరిచి చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె లేచి దిండుకు ఆనుకుని కూర్చుంది.

"మరి ఎలుకలకు ఎట్ల ఆపుతవ్? గిట్లనే మెల్లగనా?"

"లేదమ్మా. కొన్నిటికి ఒక్కరోజులనే ఆపుతం. ఏమైతదో చూసేటందుకు."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు చూసినవ్ గద," అంది.